నాయనమ్మ రోకలి

ఆ ఎండు కంప ఇటు తొయ్యండర్రా. పచ్చిది వెయ్యబాకండి, పొగ కమ్మితే చెప్పేవాడికీ వినేవాళ్ళకీ కళ్ళు మండటమే మిగులుద్ది. తెల్లారితే భోగి. వంటింట్లోంచి అరిసెల పాకం వాసన వస్తుంటే మీకెట్లాగూ నిద్ర పట్టదు. దగ్గరికి జరగండి.

బుజ్జమ్మా, మంట ముందు ఆ పుస్తకం ఏందమ్మా? సాయంత్రం నుంచీ చూస్తున్నా, పెదాలు కదుపుతానే ఉన్నావు. ఆదిగురువు భ గణం, మధ్యగురువు జ గణం, అంత్యగురువు స గణం... పదో తరగతి పరీక్షలో పద్యపాదం ఒకటిచ్చి గణవిభజన చెయ్యమంటారు, అందుకేగా? లఘువు మీద నిలువు గీత, గురువు మీద గిన్నె లాంటి గుర్తు, పెట్టటం నీకు బాగానే వచ్చు. కానీ ఆ పాదాన్ని ఒక్కసారన్నా గొంతెత్తి చదివావా? లేదు గదా. నీ ఈడున నేనూ అంతే. చదవకుండా గీతలు పెట్టేవాణ్ణి, వీపు మీద వాతలు తేలేవి. ఆ సంగతులు చెబుతా, పుస్తకం ఆ అరుగు మీద పెట్టి రా.

మా చిన్నతనంలో ఊళ్ళో బియ్యం మర లేదు. సాగర్ కాలవ రాలేదు. ఇప్పుడు పచ్చగా కనపడే ఈ పొలాలన్నీ మెట్ట. జొన్న, సజ్జ, వరిగ పండేవి. వరి అంటే చెరువు కింద కాసిని మళ్ళు, అంతే. పండగ నెల పట్టిందంటే ఆ కాసిని వడ్లూ దంచటం ఆడవాళ్ళ పని. కోడి కూయక ముందే మా నాయనమ్మా, పక్కింటి పెద్దమ్మా లేచి, రోటికి అటొకరూ ఇటొకరూ నిలబడేవాళ్ళు. రోలు ఒకటే, రోకళ్ళు రెండు. ఒకరిది లేస్తుంటే ఇంకొకరిది దిగాలి. రెండూ ఒక్కసారే దిగితే రోకళ్ళు కొట్టుకుని చేతులు జివ్వుమంటాయి. అందుకని పాట పాడేవాళ్ళు. పొద్దుపోక పాడిన పాట కాదది. పాట ఆగితే రోకలి గాడి తప్పేది.

రోకలి చివర ఇనప పొన్ను ఉంటుంది, చూశారుగా మొన్న అటక మీద. అది రోట్లో పడ్డప్పుడు ‘దుం’ అని కాసేపు నిలిచేది. పైకెత్తేటప్పుడు నాయనమ్మ నోట్లోంచి ‘హు’ అని చిన్న ఊపిరి. దుం-హు, దుం-హు. నేను గోనెపట్టా కప్పుకుని గడప మీద కూర్చుని నిద్రమొహంతో వింటుండేవాణ్ణి. నిలిచే చప్పుడు ఒకటి, నిలవని చప్పుడు ఒకటి. వాటికి పేర్లున్నాయని నాకు తెలీదు. నాయనమ్మకూ తెలీదు, ఆమె వేలిముద్ర మనిషి.

పేర్లు ఏరు దాటాక తెలిశాయి. హైస్కూలు చదువుకి గుండ్లకమ్మ దాటి అవతలి ఊరు పోవాలి. ఎండాకాలం ఇసకలో నడిచి, వానాకాలం నడుం లోతు నీళ్ళలో పుస్తకాలు నెత్తిన పెట్టుకుని పోయేవాళ్ళం. అక్కడ మొదటి రెండేళ్ళూ మాకు తెలుగు చెప్పినాయన పద్ధతి ఒక్కటే: బట్టీ, బెత్తం. ‘యమాతారాజభానసలగం’ అని నూరుసార్లు రాయించాడు. అది ఎంత గొప్ప తాళంచెవో ఒక్కసారీ చెప్పలేదు. చూడు, ఏ గణం కావాలంటే ఆ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకో. ‘యమాతా’ అంటే లఘువు, గురువు, గురువు. అది య గణం. ‘రాజభా’ తీస్తే గురువు, లఘువు, గురువు. ర గణం అయింది. ‘నసల’ మూడూ లఘువులే, న గణం. ఎనిమిది గణాలూ ఆ ఒక్క మాటలో దాక్కుని ఉంటే, మేము అదేదో మంత్రమని వల్లించి మొట్టికాయలు తిన్నాం. ఒకసారి ‘అమృతం’లో అ మీద గురువు పెట్టానని చెయ్యి వాచేట్టు కొట్టాడు. ఎందుకు తప్పో మాత్రం చెప్పలేదు. తప్పేంటో తెలీకుండా తిన్న దెబ్బ ఇప్పటికీ గుర్తుంటుందమ్మా.

తొమ్మిదో తరగతిలో కొత్త అయ్యవారొచ్చారు. 1959 అది. తెల్ల పంచె, ముతక చొక్కా, చేతిలో బెత్తం లేదు. వచ్చీరాగానే బల్ల మీద కూర్చుని, “మీలో ఎవరింట్లో వడ్లు దంచుతార్రా?” అని అడిగారు. అందరం చేతులెత్తాం. “చప్పుడు చేసి వినిపించండి” అన్నారు. మేం సిగ్గుపడుతుంటే ఆయనే బల్ల మీద పిడికిలితో ‘దుం’ అని కొట్టి, వేలితో ‘టక్’ మనిపించారు. “నిలిచేది గురువు. నిలవనిది లఘువు. చిటికె వేసినంత సేపు పలికితే ఒక మాత్ర, అది లఘువు. రెండు చిటికెల సేపు పట్టేది గురువు. ఇంతే, ఇంకేం లేదు” అన్నారు. నా ఒళ్ళు ఝల్లుమంది. ఇది మా నాయనమ్మ రోలు గదా అనుకున్నా.

మిగతావన్నీ ఆ చిటికె మీదే చెప్పారాయన. దీర్ఘం తీస్తే రెండు చిటికెలు, కనక గురువు. సున్నా ఉంటే ముక్కులో మోగుద్ది, గురువు. వెనక జంటాక్షరమో ఒత్తక్షరమో వస్తే దాని భారం ముందున్న అక్షరం మీద పడుద్ది. ‘విద్య’ అని పలికి చూడు. వి దగ్గర నాలుక ఆగుతుందా లేదా? ‘విద్’ అని ఆగాకే ‘య’ వస్తుంది. కాబట్టి పొట్టిదైనా వి గురువే. మరి ‘అమృతం’? మ కింద ఉన్నది ఒత్తు హల్లు కాదు, ఋ అనే అచ్చు గుర్తు. అ దగ్గర నాలుక ఆగదు. అందుకని అ లఘువు. రెండేళ్ళ కిందట తిన్న దెబ్బకి ఆ రోజు కారణం దొరికింది. ఇంటికెళ్ళి నాయనమ్మకి చెబితే, “దానికా కొట్టాడు చచ్చినోడు!” అని నా చెయ్యి పట్టుకుని చూసింది, వాపు ఇంకా ఉందేమో అన్నట్టు.

ఇక నాకు పిచ్చి పట్టింది. బస్సుల బోర్డులు చదవటం మొదలుపెట్టాను. చిటికె వేస్తూ చదవండి. అద్దంకి: గురువు, గురువు, లఘువు. త గణం. ఒంగోలు? అదీ త గణమే. గుంటూరు, నెల్లూరు, చీరాల, బాపట్ల, మార్టూరు అన్నీ త గణాలే! మన చుట్టుపక్కల ఊళ్ళకు ఈ నడకంటే ఎంత ఇష్టమో. కనిగిరి చూడు, నాలుగూ లఘువులే, గులకరాళ్ళు దొర్లినట్టు. వినుకొండ అంటే రెండడుగులు పరిగెత్తి కొండ దగ్గర ఆగినట్టు ఉంటుంది. చిలకలూరిపేటను విరిస్తే చిలక, లూరి, పేట. మూడూ సూర్యగణాలు. నరసరావుపేట కూడా అచ్చం అదే కొలత. ఈ రెండు ఊళ్ళలో దేన్ని పెట్టినా ఆటవెలది పాదం మొదలైపోతుంది. ఈ సంగతి కనిపెట్టిన రోజున బస్సు నన్నొదిలి వెళ్ళిపోయింది, నాకు తెలీనే లేదు.

సూర్యగణాలు రెండే. మూడు లఘువులు ఒకటి, గురువూ లఘువూ ఒకటి. ఇంద్రగణాలు ఆరు, కాస్త పొడుగు మనుషులు. ఆటవెలదిలో మొదటి పాదానికీ మూడో పాదానికీ మూడు సూర్యగణాలు, వాటి వెనక రెండు ఇంద్రగణాలు. రెండో పాదం, నాలుగో పాదం అయిదు చొప్పున సూర్యగణాలే. అందుకే పొడుగు పాదం, పొట్టి పాదం, పొడుగు పాదం, పొట్టి పాదంగా ఊగుతూ పోతుంది. వేమన అంత కొలత నోట్లో పెట్టుకుని ఊరూరూ తిరిగాడు. తేటగీతిలో నాలుగు పాదాలదీ ఒకటే కొలత: ఒక సూర్యుడు, ఇద్దరు ఇంద్రులు, ఇద్దరు సూర్యులు. సీసం పెద్ద ఇల్లు. పాదానికి ఆరు ఇంద్రగణాలూ రెండు సూర్యగణాలూ, అట్లాంటివి నాలుగు పాదాలు, కింద ఒక ఆటవెలదో తేటగీతో పంచ పెట్టినట్టు ఉండాలి.

యతి, ప్రాస అంటే మీరు బెదురుతారు. ప్రాస అంటే ఇప్పుడు సినిమా పాటల్లో చివర చివర కలిసేది అనుకుంటున్నారు. అది అంత్యప్రాస. పద్యంలో ప్రాస అంటే ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావటం. మొదటి అక్షరం పేరు యతి, లేకపోతే వళి. పాదం మధ్యలో ఊపిరి తీసుకునే చోటొకటి ఉంటుంది. పొలం నుంచి గడ్డిమోపు మోసుకొచ్చేవాడు దారిలో అరుగు మీద దించుకుని మళ్ళీ ఎత్తుకుంటాడే, అట్లాంటి చోటు. అక్కడ పడే అక్షరం పాదం మొదటి అక్షరానికి చుట్టం అయ్యుండాలి. క, ఖ, గ, ఘ ఒక ఇంటివాళ్ళు. చ, ఛ, జ, ఝ వాళ్ళకి శ, ష, స వియ్యం. ప్రాణమూ కలవాలి, అంటే వాటి మీదున్న అచ్చులు కూడా సరిపడాలి. గు అని మొదలైతే కు, గూ, కొ, గో ఏదైనా రావచ్చు, గి రాకూడదు. ఇదెందుకని అడిగాను అయ్యవార్ని. “పుస్తకం లేని కాలంలో పద్యం ఎక్కడ దాచుకునేవాళ్ళురా? చెవిలో. ఒక పదం మరిచిపోతే, అక్కడికి గు చుట్టమే రావాలి, ఇన్ని చిటికెలే పట్టాలి అని తెలిస్తే పోయింది వెతికి పట్టుకోవచ్చు” అన్నారు. కన్నం పడ్డ గోనెకి ఏ గుడ్డ అతుకు వెయ్యాలో గోనే చెప్పినట్టు.

వృత్తాలు ఆయన నడిచి చూపించారు. ఇది మీకు ఏ గైడులోనూ దొరకదు, చూడండి. ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలు, మొదటిది గురువు. ఆయన వరండాలో ఒక పెద్ద అంగ వేసి ఉత్పలమాల నడిచారు. మళ్ళీ వెనక్కొచ్చి, ఆ మొదటి పెద్ద అంగ స్థానంలో రెండు చిన్న అంగలు వేసి, మిగతా నడకంతా అట్లాగే నడిచారు. “ఇది చంపకమాల” అన్నారు. అంతే తేడా! మొదటి గురువును విరిచి రెండు లఘువులు చేస్తే ఉత్పలం చంపకం అయిపోయింది, ఇరవై అక్షరాలు ఇరవై ఒకటయ్యాయి. యతి స్థానం పదో అక్షరం నుంచి పదకొండుకి జరిగింది. శార్దూలానికీ మత్తేభానికీ ఇదే చుట్టరికం. శార్దూలం మొదటి అడుగు విరిస్తే మత్తేభం, పంతొమ్మిది అక్షరాలు ఇరవై, యతి పదమూడు నుంచి పద్నాలుగు. ‘భరనభభరవ’, ‘నజభజజజర’ అని విడివిడిగా బట్టీ కొట్టే పిల్లలకి ఈ రెండూ అక్కాచెల్లెళ్ళని ఎవరన్నా చెబుతున్నారా? నాకదే బాధ. లెక్క చెప్పి నడక చూపించకపోతే ఎట్లా?

మంట తగ్గుతోంది, ఆ మొద్దు లోపలికి నెట్టండి. ఇప్పుడు చెప్పేది నాకు అన్నిటికంటే ఇష్టమైంది.

ఒక సంక్రాంతి సెలవుల్లో మళ్ళీ గడప మీద కూర్చుని నాయనమ్మ పాట విన్నాను. ఈసారి వేళ్ళు వాటంతటవే చిటికెలు వేశాయి. ఆమె పాట నాకు మాట మాట గుర్తు లేదు, నడక మాత్రం గుర్తుంది. ఆ నడకలో నేను కట్టి చెబుతున్నా, వినండి:

ఒడ్ల గింజలు దంచి యొకచోట బోసి
గొడ్లకు తవుడెత్తి కుడితిలో గలిపి

విరిచి చూడు బుజ్జమ్మా. ‘ఒడ్లగిం’, ‘జలుదంచి’, ‘యొకచోట’, మూడు ఇంద్రగణాలు. ‘బోసి’ సూర్యగణం. మూడో గణం మొదట యతి: ఒ దగ్గర మొదలై, యొకచోట దగ్గర కలిసింది. రెండో పాదంలో గొ, కు. రెండో అక్షరం పైనా కిందా డ్ల, ప్రాస. ఇది ద్విపద. పాల్కురికి సోమనాథుడు బసవపురాణం చెప్పింది ఈ కొలతలోనే, రంగనాథ రామాయణమూ ఇదే. వృత్తాల కోసం పండితుల దాకా పోనక్కర్లేని జనం పాడుకునే కొలత ఇది.

నేను చిటికెలు లెక్కపెట్టుకుని పరిగెత్తి వెళ్ళి చెబితే అయ్యవారు నవ్వలేదు. “ద్విపద పాదాలు రెంటి గణాలు వరసగా పేర్చు, ఏమవుద్ది?” అన్నారు. నాకు తెలీలేదు. “తరువోజ పాదం” అన్నారు. ఆ పేరు వినటం అదే మొదలు. ఆ వారం మమ్మల్ని కూర్చోబెట్టి అద్దంకి శాసనం సంగతి చెప్పారు. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు. అతను బోయ కొట్టాలు పన్నెండు గెలిచిన సంగతి రాతి మీద చెక్కించాడు. 848 నాటి మాట. ఆ రాతి మీద ఉన్నది వచనం ఒక్కటే కాదు, పద్యం ఉంది, తరువోజ పద్యం. నన్నయ రాజమహేంద్రవరంలో భారతం మొదలుపెట్టింది పదకొండో శతాబ్దంలో. అంటే ఆదికవి కంటే రెండువందల ఏళ్ళ ముందే మన ఊరి పక్కన తెలుగు పద్యం కొలత తప్పకుండా నిలబడి ఉంది. తరువోజ నడకని దంపుళ్ళ పాటలతో కలిపి చెబుతారు పెద్దలు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. సేనాని గెలుపుని కవి కొలిచిన కొలతా, మా నాయనమ్మ వడ్లు దంచిన కొలతా ఒకటేనని తెలిసిన రోజు రాత్రి నాకు అన్నం సహించలేదు. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు? రాతి మీద పద్యం చెక్కించిన కవి ఏ తెల్లవారుఝామునో ఏ గడప మీదో కూర్చుని విని ఉంటాడని నేను ఇప్పటికీ నమ్ముతాను.

తరవాత ఈ అద్దంకే ప్రోలయ వేమారెడ్డికి రాజధాని. భారతంలో నన్నయ వదిలిన అరణ్యపర్వం శేషాన్ని పూర్తి చేసిన ఎర్రన ఆయన కొలువులో ఉన్నాడు. అది ఇంకో పెద్ద ముచ్చట, ఇంకో రాత్రికి.

చెవి సంగతి చెబుతున్నా గదా, ఇంకొకటి వినండి. శ్రీరామనవమి పందిట్లో హరిశ్చంద్ర నాటకం. హార్మోనియం, పెట్రోమాక్సు లైట్లు. కాటిసీను వచ్చేసరికి తెల్లవారుఝాము రెండో మూడో అయ్యేది. ఒక్కడు కదిలేవాడు కాదు. పద్యం అయ్యాక ‘వన్స్ మోర్’ అని కేకలు, పాపం ఆ నటుడు మళ్ళీ ఎత్తుకునేవాడు. మా ఇంట్లో పనిచేసే పెద్దాయన నా పక్కనే గొంగడి కప్పుకుని కూర్చున్నాడు. అక్షరం ముక్క రాదు. ఒక పద్యంలో నటుడు ఒక అక్షరం మింగేశాడు. నేను గమనించలేదు, అప్పటికి నేను ఛందస్సు చదువుకున్నవాణ్ణి! ఆయన మాత్రం తొడ మీద వేస్తున్న దెబ్బ ఆపి, “కాలు జారిందిరా” అన్నాడు నా చెవిలో. యతి అనే మాట ఆయన వినలేదు. శార్దూలమంటే పులి అని కూడా తెలీదు. కానీ ఇన్ని అడుగులు పడాల్సిన చోట ఒకటి తక్కువ పడిందని ఆయనకి తెలిసింది.

ఆ కాటిసీనులో అందరి కళ్ళూ తడిపే పద్యాలు కొన్ని గుర్రం జాషువావి. ఆయన శ్మశానాన్ని గురించి రాసిన పద్యాలని నటులు తీసుకుని నాటకంలో పాడేవాళ్ళు. జాషువాది వినుకొండ, మన దారిలోదే. 1895లో పుట్టారు. ఏ కులంలో పుట్టాడని అడిగి ఆయన్ని పక్కన కూర్చోనివ్వని రోజులవి. పద్యం విని ఏడ్చినవాళ్ళే ఆయన్ని గడప దాటనివ్వలేదు. మా గొంగడి పెద్దాయనదీ ఆ కష్టమే. ఆ రాత్రి పందిట్లో ఆయన వెనక వరసలో, చాప మీద కాదు, నేల మీద కూర్చోవాల్సి వచ్చింది. నేను పోయి పక్కన కూర్చున్నానని మా నాయన కోప్పడ్డాడు. ఆ పద్యం రాసినాయన గురించీ, అడుగు జారిందని పట్టుకున్నాయన గురించీ ఊళ్ళో పెద్దలు ఏమనుకునేవాళ్ళో తలుచుకుంటే ఇన్నేళ్ళ తరవాత కూడా నా గుండె మండుతుంది.

అలంకారాల గురించి పెద్దగా చెప్పను, అవి మీ నోట్లోనే ఉన్నాయి. మా నాయనమ్మకి అప్పంటే భయం. “అప్పు తేలు లాంటిదిరా, కనపడకుండా కుడుద్ది” అనేది. అది ఉపమ. అప్పు ఉపమేయం, తేలు ఉపమానం, ‘లాంటి’ అన్నది ఉపమావాచకం, కనపడకుండా కుట్టటం రెంటికీ ఉన్న సమానధర్మం. కోపమొస్తే “ఆ అప్పుతేలుని ఇంట్లోకి తెచ్చాడు మీ తాత” అనేది. అప్పుకీ తేలుకీ భేదం పోయింది, రూపకం. తాత మొహం వాడిపోయి వస్తే, “ఏందో తేలు కుట్టినట్టుందే” అని ఊహించేది, ఉత్ప్రేక్ష. “మీ తాత నిట్టూరిస్తే కొండవీటి చెట్లు ఊగుతాయి” అంటే అతిశయోక్తి. శ్లేష కూడా వచ్చు ఆమెకి. పొత్తులో గేదెను మేపి పెంచాక, అవతలివాళ్ళు మోసం చేశారు. “మేపింది నేను, పాలు మాత్రం దక్కలా” అంది. గేదె పాలా, వాటా పాలా? రెండూ. “అదనుకి పడ్డ వానే వాన” అనేది, లాటానుప్రాస. ఒకటే మాట, అర్థం ఒకటే, రెండోసారి అన్నప్పుడు తూకం మారింది. ఇంట్లో ముసలివాళ్ళు మాట్లాడేటప్పుడు చెవి పెట్టండి, మీ పుస్తకంలో పాఠమంతా దొరుకుద్ది.

కందం మాత్రం నన్ను ఏడాది ఏడిపించింది. కందం రాసినవాడు కవి, పందిని పొడిచినవాడు బంటు అని ఊరికే అనలేదు. నాలుగు మాత్రల గణాలు, బేసి స్థానంలో జ గణం పనికిరాదు, ఆరో గణం మాత్రం జ గణమో నాలుగు లఘువులో అయితీరాలి, రెండో పాదం చివరా నాలుగో పాదం చివరా గురువు ఉండాలి. సుమతి శతకకారుడు అంత ఇరుకు గదిలో అంత హాయిగా ఎట్లా మసిలాడో! నేను ఆటవెలది దగ్గరే ఆగాను. నా మొదటి పద్యం ఆటవెలదిలోనే.

ఆ ఏడు వానలు లేవు. గుండ్లకమ్మలో చుక్క నీరు లేదు, ఇసకలో చెలమలు తవ్వి చెంబుతో తోడుకునేవాళ్ళు. అంతకు ముందు ఏడే మా అన్న పాముకాటుతో పోయాడు. పదిహేడేళ్ళవాడు. బడి నుంచి వస్తూ ఇసకలో కూర్చుని రాశాను:

గుండ్లకమ్మ దరిని గూర్చుంటి నొకనాడు
నీటి చుక్క లేదు నింగి చూస్తి
మబ్బు రాక రైతు మనసెల్ల నెండగా
ఏరు కూడ దప్పి నేడ్చి నట్లు

అయ్యవారికి చూపించాను. ఆయన చిటికెలు వేశారు. గుం-గూ, నీ-నిం, మ-మ, ఏ-నే. యతులు నాలుగూ కుదిరాయి. గణాలు కుదిరాయి. నేను ఎగిరి గంతెయ్యబోయాను. అప్పుడాయన, “ఏడిస్తే కన్నీళ్ళు వస్తాయి గదరా. నీటి చుక్క లేదని రెండో పాదంలో నువ్వే అన్నావు. మరి ఏరు దేనితో ఏడ్చింది?” అని అడిగారు.

నాకు జవాబు వెంటనే రాలేదు. కాసేపటికి, “మా అమ్మ ఏడ్చినట్టు ఏడ్చిందండీ” అన్నాను. అన్న పోయిన రోజు నుంచీ అమ్మ కంట నీళ్ళు రాలేదు. పొయ్యి దగ్గర కూర్చుని భుజాలు కదిలేవి, గొంతు కదిలేది, కళ్ళు మాత్రం ఎండిపోయి ఉండేవి. ఏడాదిగా అట్లాగే ఉంది. ఇంట్లో ఆ మాట ఎవరమూ ఎత్తలేదు. నేను అమ్మ గురించి రాశానని అప్పటిదాకా నాకే తెలీదు.

అయ్యవారు ఎర్రసిరా పెన్ను మూత పెట్టారు. ఏమీ అనలేదు. ఆ సాయంత్రం ఏరు దాటి, ఇసకలో రెండు మైళ్ళు నడిచి మా ఇంటికొచ్చారు. పద్యం ఊసే ఎత్తలేదు. అరుగు మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, “పెద్దబ్బాయి ఎట్లా ఉండేవాడమ్మా?” అని అడిగారు. అమ్మ గుమ్మం పక్కన నిలబడి చెప్పటం మొదలుపెట్టింది. వాడు ఈత ఎట్లా కొట్టేవాడో, సజ్జరొట్టె మీద ఎంత వెన్న వేసుకునేవాడో చెప్పింది. చెబుతూ చెబుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చీకటి పడేదాకా ఏడ్చింది. నాయనమ్మ దీపం పెట్టటం మరిచిపోయింది.

ఆ పద్యం మళ్ళీ దిద్దలేదు. అట్లాగే ఉంచేశాను.

ఏందమ్మా, కళ్ళు తుడుచుకుంటున్నావు? పొగ అంటావా, సరే పొగే. ఇటురా, నా పక్కన కూర్చో. పుస్తకం వద్దు. చిటికె వెయ్యి. ‘చలిమంట’ ఏ గణం? లఘువు, లఘువు, గురువు, లఘువు. అవును, ఇంద్రగణం. ‘నెగడు’? మూడూ లఘువులే, సూర్యగణం, సరిగ్గా చెప్పావు. ఇప్పుడొకటి అడుగుతా, వేళ్ళతో వద్దు, ఆ కొయ్యపీట మీద పిడికిలితో కొట్టి చెప్పు. గట్టిగా కొట్టు.

‘నాయనమ్మ.’

దుం-హు, దుం-హు... ఆ, ఇంకోసారి కొట్టమ్మా.